పాప రగ్బీలో ఇంగ్లండ్‌కి ఆడతానంటోంది: అది కెరీర్ అవుతుందా?

మీ ప్రశ్న ఇదీ. మీరు ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉంటున్నారు. పదమూడేళ్ళ పాప క్లబ్‌లో రగ్బీ ఆడుతోంది. కౌంటీ స్థాయి డెవలప్‌మెంట్ గ్రూప్ ట్రయల్స్‌కి పంపమని కోచ్ అడిగాడు. పాపకి ఇంగ్లండ్ జెర్సీ వేసుకోవాలని ఉంది. మీ వారికి చదువు గురించి బెంగ. ఊళ్ళో అమ్మమ్మ వాట్సాప్‌లో వీడియో చూసి "ఇదేం ఆటే తల్లీ" అని భయపడిపోయింది. ఇది కెరీర్ అవుతుందా, ఎన్నాళ్ళు నడుస్తుంది, డబ్బు వస్తుందా, ఒళ్ళు ఏమవుతుంది, ఇంగ్లండ్ దారి మూసుకుంటే ఏమిటి అని అడిగారు.

నేను ఈ మిడ్‌లాండ్స్ ప్రాంతంలోనే చాలా ఏళ్ళుగా ఫిజియోగా పనిచేస్తున్నాను. శని, ఆదివారాలు అమ్మాయిల జట్ల వెంట మైదానంలోనే గడుస్తాయి. అంతర్జాతీయ స్థాయికి వెళ్ళినవాళ్ళనీ చూశాను, పద్దెనిమిదేళ్ళకే బూట్లు అటకెక్కించినవాళ్ళనీ చూశాను. నా జవాబు ముందే చెప్తాను: పంపండి. అయితే దీన్ని డాక్టరో ఇంజనీరో అయ్యే దారిలా, ఒక మెట్టు ఎక్కితే తర్వాతి మెట్టు కనిపించే దారిలా చూడకండి. మహిళల రగ్బీ కొందరికి, కొన్నేళ్ళ పాటు మాత్రమే ఉద్యోగంగా మారే ఆట. ఆ కొన్నేళ్ళు ఎప్పుడొస్తాయో అమ్మాయి ప్రతిభ ఒక్కటే తేల్చదు. ఫెడరేషన్ ఆ ఏడాది డబ్బు దేనికి పెడుతుందో అది కూడా తేలుస్తుంది. ఈ మాట అర్థం కావాలంటే ఒక మనిషి కెరీర్ మొత్తం చూడాలి. మీకు దగ్గరి మనిషినే తీసుకుంటాను, మీ లెస్టర్ అమ్మాయి, ఇంగ్లండ్‌కి ఆడిన ఎమిలీ స్కారట్.

ఆమె 1990లో లెస్టర్‌లో పుట్టింది. వ్యవసాయం చేసే కుటుంబం. ఐదేళ్ళప్పుడే లెస్టర్ ఫారెస్ట్ క్లబ్‌లో మగపిల్లలతో కలిసి ఆట మొదలుపెట్టింది. ఇక్కడ చిన్న వయసులో ఆడా మగా కలిసే ఆడతారు, తర్వాత అమ్మాయిల జట్లు వేరవుతాయి. మీ పాపకీ అలాగే జరిగి ఉంటుంది. గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. స్కారట్ రగ్బీ ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. బాస్కెట్‌బాల్ ఎంత బాగా ఆడేదంటే, పదహారేళ్ళప్పుడు అమెరికా నుంచి స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఆమె వద్దనుకుంది. కానీ ఆ ఆట వల్ల వచ్చిన చేతివాటం, గాలిలో బంతిని అందుకునే తీరు చివరిదాకా ఆమె రగ్బీలో కనిపించాయి. పదమూడేళ్ళకే "ఇక అన్నీ మానేసి రగ్బీ మీదే ఉండు" అని ఎవరైనా చెప్తే వినకండి. నెట్‌బాల్, అథ్లెటిక్స్, ఈత, ఏది ఇష్టమైతే అది సాగనివ్వండి. న్యూజిలాండ్ తరఫున రెండు ఒలింపిక్ స్వర్ణాలు, రెండు ప్రపంచకప్‌లు గెలిచిన పోర్షియా వుడ్‌మన్ విక్‌లిఫ్ అసలు నెట్‌బాల్ క్రీడాకారిణి. 2012లో అక్కడి సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) జట్టు కోసం కొత్తవాళ్ళను వెతికినప్పుడే ఈ ఆటలోకి వచ్చింది.

స్కారట్ 2008లో, పద్దెనిమిదేళ్ళకే ఇంగ్లండ్‌కి ఆడింది. మైదానం మధ్యలో ఆడే సెంటర్‌గానూ, అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్‌గానూ ఆడగలదు, పైగా గోల్ కిక్కులు (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం) కొడుతుంది. ఒక్క పొజిషన్‌కే పరిమితమైన ఆటగత్తెకు పోటీగా ఇంకొకరు వస్తే చోటు పోతుంది. మూడు పనులు చేసేదాన్ని తీసేయాలంటే సెలెక్టర్లు మూడుసార్లు ఆలోచిస్తారు. పదిహేడేళ్ళు జట్టులో నిలిచిందంటే అందులో ఆ కాలి తన్నుకి పెద్ద వాటా ఉంది. మీ పాపకి కిక్కింగ్ మీద ఆసక్తి ఉంటే ఇప్పుడే ప్రోత్సహించండి. అమ్మాయిల జట్లలో నమ్మకంగా కిక్ కొట్టేవాళ్ళు ఇప్పటికీ తక్కువే.

2010 ప్రపంచకప్ ఫైనల్ లండన్‌లోని స్టూప్ మైదానంలో జరిగింది. ఇంగ్లండ్ న్యూజిలాండ్ చేతిలో 13-10తో ఓడింది. ఆ రోజు మైదానంలో ఉన్న ఇంగ్లండ్ అమ్మాయిలకు ఉద్యోగాలు వేరే ఉన్నాయి, కాలేజీలు వేరే ఉన్నాయి. స్కారట్ లీడ్స్‌లో డిగ్రీ చదివి, ఆ తర్వాత బడిలో పీఈ (వ్యాయామ విద్య) విభాగంలో పనిచేసింది. పొద్దున పని, సాయంత్రం జిమ్, వారాంతం క్లబ్ మ్యాచ్, సెలవులు పెట్టుకుని ఇంగ్లండ్ క్యాంప్. అదే జట్టులో ముందు వరసలో ప్రాప్‌గా ఆడిన సోఫీ హెమింగ్ పశువైద్యురాలు. పగలు ఆవులకు, కుక్కలకు వైద్యం చేసి, సాయంత్రం రెండు జట్లూ భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో తల దూర్చేది. అంతర్జాతీయ క్రీడాకారిణి అంటే అప్పట్లో అర్థం ఇదే.

2014 ఆగస్టులో పారిస్‌లో ఇంగ్లండ్ కెనడాను 21-9తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది. ఆ 21లో 16 పాయింట్లు స్కారట్‌వే: ఒక ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం, 5 పాయింట్లు), ఒక కన్వర్షన్ (ట్రై తర్వాత కొట్టే కిక్, 2), మూడు పెనాల్టీ కిక్కులు (ఒక్కొక్కటి 3). టోర్నీ మొత్తంలో 70 పాయింట్లతో ఆమే టాప్ స్కోరర్. ఇరవై నాలుగేళ్ళకే ప్రపంచకప్ చేతికొచ్చింది. ఇంకొక దేశంలో, ఇంకొక ఆటలో అయితే అక్కడితో జీవితం స్థిరపడిపోయేది. ఇక్కడ అసలు గందరగోళం ఆ తర్వాతే మొదలైంది.

ప్రపంచకప్ గెలిచిన కొద్ది రోజులకే ఇంగ్లండ్ ఫెడరేషన్ ఆర్‌ఎఫ్‌యూ తొలిసారిగా అమ్మాయిలకు పూర్తికాలం జీతంతో కాంట్రాక్టులు ఇచ్చింది. అయితే అవి ఫిఫ్టీన్స్‌కి కాదు, సెవెన్స్‌కి. ఈ తేడా మీకు తెలియాలి. ఫిఫ్టీన్స్ అంటే పదిహేను మంది, 80 నిమిషాలు. సెవెన్స్ అంటే ఏడుగురు, సగానికి ఏడు నిమిషాల చొప్పున రెండు సగాలు. 2016 రియోలో సెవెన్స్ ఒలింపిక్స్‌లోకి వస్తోంది కాబట్టి డబ్బు అటు మళ్ళింది. ప్రపంచకప్ గెలిచిన జట్టులోని ఆటగత్తెలే చాలామంది ఉద్యోగాలు వదిలి సెవెన్స్‌కి మారారు. స్కారట్ రియోలో గ్రేట్ బ్రిటన్ జట్టుకి కెప్టెన్. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో కెనడా చేతిలో 33-10తో ఓడి నాలుగో స్థానంలో మిగిలింది.

మళ్ళీ చక్రం తిరిగింది. 2017లో ప్రపంచకప్ ఉంది కాబట్టి ఈసారి ఫిఫ్టీన్స్ కాంట్రాక్టులు. బెల్‌ఫాస్ట్‌లో ఫైనల్, న్యూజిలాండ్ 41, ఇంగ్లండ్ 32. అయితే ఆ టోర్నీ మొదలవకముందే ఒక వార్త వచ్చింది. ప్రపంచకప్ అయిపోగానే ఫిఫ్టీన్స్ కాంట్రాక్టులు పునరుద్ధరించరట, దృష్టి మళ్ళీ సెవెన్స్ మీదికేనట. ప్రపంచ చాంపియన్లుగా టోర్నీకి వెళ్తున్నవాళ్ళకి తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండదన్నమాట. ఇక్కడి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఫలితం మారలేదు. స్కారట్ లాంటి కొందరు సెవెన్స్‌లోకి సర్దుకున్నారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో ఆమె సెవెన్స్ కాంస్యం గెలుచుకుంది. సెవెన్స్‌కి తగిన వేగం లేని ప్రాప్‌లూ లాక్‌లూ లాంటి బరువైన ఆటగత్తెలు మాత్రం పాత ఉద్యోగాలు వెతుక్కున్నారు.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2017లో ఇంగ్లండ్ అమ్మాయిల లీగ్‌ని కొత్తగా కట్టారు. స్కారట్‌తో సహా ఎందరో ఇంగ్లండ్ క్రీడాకారిణులను ఇచ్చిన లిచ్‌ఫీల్డ్ క్లబ్‌కి అందులో చోటు దక్కలేదు. ఆమె లఫ్‌బరో లైట్నింగ్ క్లబ్‌కి వెళ్ళింది. లిచ్‌ఫీల్డ్‌లో ఏళ్ళ తరబడి పిల్లల్ని తయారుచేసినవాళ్ళ బాధ నాకు తెలుసు. ఈ ఆట పెద్దదవుతున్న కొద్దీ ముందునుంచీ మోసినవాళ్ళు పక్కకి జరుగుతుంటారు, దాన్ని అభివృద్ధి అని పిలుస్తారు. సరే, అది నా గొడవ.

2019 జనవరిలో పరిస్థితి నిజంగా మారింది. ఆర్‌ఎఫ్‌యూ 28 మందికి ఫిఫ్టీన్స్‌లో పూర్తికాలం కాంట్రాక్టులు ఇచ్చింది. అంతవరకూ టోర్నీ టోర్నీకీ మారిన డబ్బు అప్పటినుంచి నిలకడగా వస్తోంది. షానా బ్రౌన్ కథ చూడండి. ఆమె 2014 కామన్వెల్త్ క్రీడల్లో ఇంగ్లండ్ తరఫున హ్యామర్ త్రో విసిరింది. గ్యాస్ ఇంజనీర్‌గా, డైవర్‌గా, ఫైర్ సర్వీసులో ఫైర్‌ఫైటర్‌గా పనిచేసింది. పాతికేళ్ళు వచ్చాక రగ్బీ మొదలుపెట్టి 2017లో ఇంగ్లండ్‌కి ఆడింది. కాంట్రాక్టు రాగానే ఫైర్ సర్వీసు వదిలేసింది. 2022 చివర్లో 30 మ్యాచ్‌లతో రిటైరైంది. అలాంటి భద్రమైన ప్రభుత్వ ఉద్యోగాన్ని నాలుగేళ్ళ ఆట కోసం వదులుకోవడం మన ఇళ్ళల్లో ఊహించగలమా? మరోవైపు, అప్పటికి 137 మ్యాచ్‌లు ఆడి ఇంగ్లండ్ రికార్డు పెట్టిన రాకీ క్లార్క్‌కి ఆ 28లో పేరు లేదు. ఎంత సేవ చేశావన్నదాన్ని బట్టి కాంట్రాక్టు రాదు, రాబోయే రెండేళ్ళలో ఎంత పనికొస్తావన్నదాన్ని బట్టి వస్తుంది.

ఆ ఏడాదే స్కారట్‌ని ప్రపంచ రగ్బీ సంఘమైన వరల్డ్ రగ్బీ, ఫిఫ్టీన్స్‌లో ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఇరవై తొమ్మిదేళ్ళు. పూర్తికాలం సాధన, పోషకాహార నిపుణులు, వీడియో విశ్లేషణ, తగినంత నిద్ర, ఇవన్నీ దొరికాక ఆమె ఆట ఇంకో మెట్టెక్కింది. దీన్నిబట్టి, అంతకు ముందు పదేళ్ళు ఎంత పోగొట్టుకుందో కూడా ఊహించుకోవచ్చు.

ఇక డబ్బు. ఇంగ్లండ్ కాంట్రాక్టు ఉన్నవాళ్ళు ఆట మీదే బతకగలరు. పురుషుల జట్టుకి వచ్చేదానితో పోల్చే స్థాయి కాదు. క్లబ్ స్థాయిలో ఇప్పుడున్న ప్రీమియర్‌షిప్ విమెన్స్ రగ్బీలో తొమ్మిది జట్లు ఆడుతున్నాయి. మీకు దగ్గర్లోని లెస్టర్ టైగర్స్, లఫ్‌బరో లైట్నింగ్ రెండూ అందులో ఉన్నాయి. ఈ జట్లలో ఇంగ్లండ్ కాంట్రాక్టు లేని అమ్మాయిలు ఎక్కువమంది ఏదో ఒక ఉద్యోగమో చదువో చేసుకుంటూనే ఆడతారు. క్లబ్ ఇచ్చేది అద్దెకి చేయూత అవుతుంది, ఇల్లు నడవదు. పైనున్న కొద్దిమందికి ఇంకో ఆదాయం వస్తోంది, ప్రకటనలూ సోషల్ మీడియా. అమెరికా క్రీడాకారిణి ఐలోనా మేయర్ దీనికి కొండగుర్తు. నర్సింగ్ చదివింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెవెన్స్ కాంస్యం గెలిచింది, ఫోన్ పట్టుకుని తీసిన వీడియోలతో కోట్లమందికి తెలిసింది. 2025 జనవరిలో మూడు నెలల కోసం బ్రిస్టల్ బేర్స్‌కి వస్తే, ఆమె తొలి మ్యాచ్‌ని చిన్న మైదానం నుంచి పెద్ద స్టేడియానికి మార్చాల్సి వచ్చింది. 9,240 మంది వచ్చారు. మీ పాప ఆమెను చూసే రగ్బీ అంటోందేమో కూడా. మంచిదే. కానీ ఐలోనా మేయర్ ఒక్కరే ఉన్నారు, ఆమెను లెక్కలో పెట్టుకుని జీతం అంచనా వేయకండి.

ఇంగ్లండ్ దాటితే పరిస్థితి ఇంకా పలచన. 2025 ప్రపంచకప్‌కి ముందు కెనడా ఫెడరేషన్ తమ అమ్మాయిల జట్టు కోసం పది లక్షల డాలర్లు చందాలుగా పోగుచేయడానికి బయల్దేరింది. అదే జట్టు సెమీఫైనల్లో న్యూజిలాండ్‌ని ఓడించి ఫైనల్ ఆడింది.

దెబ్బల గురించి నేను కాస్త ఎక్కువ రాస్తాను, అది నా వృత్తి కాబట్టి. అమ్మమ్మ భయం అర్థం లేనిది కాదు. మన కబడ్డీలో పట్టు పట్టినట్టే ఇక్కడ టాకిల్, తేడా ఏమిటంటే ఇద్దరూ పరుగులో ఉంటారు. మీరు జాగ్రత్తపడాల్సినవి ముఖ్యంగా రెండు: తల, మోకాలు.

తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అనుమానం వస్తే ఇక్కడి నియమం స్పష్టం, ఏ మాత్రం సందేహం ఉన్నా పిల్లని బయట కూర్చోబెట్టాలి. మళ్ళీ మ్యాచ్ ఆడాలంటే కనీసం 21 రోజులు ఆగాలి, అందులో లక్షణాలు లేకుండా 14 రోజులు గడవాలి. ఫైనల్ ఉందనో సెలెక్షన్ ఉందనో ఈ గడువు తగ్గదు. మా మైదానంలో తల్లిదండ్రులే "బాగానే ఉందండీ, ఆడనివ్వండి" అని బతిమాలడం చూస్తుంటాను. దయచేసి ఆ తల్లి మీరు కాకండి. 2023 నుంచి ఇంగ్లండ్ క్లబ్ స్థాయి ఆటలో టాకిల్‌ని రొమ్ము ఎముక కింది భాగం కంటే పైన పట్టకూడదు, తలలు ఢీకొనడం తగ్గించడానికే ఈ మార్పు. అంతర్జాతీయ స్థాయిలో అమ్మాయిలు సెన్సర్లున్న మౌత్‌గార్డ్‌లు పెట్టుకుంటున్నారు. తలకి ఎంత తాకిడి తగిలిందో అది కొలుస్తుంది, హద్దు మీరితే డాక్టరుకి వెంటనే తెలుస్తుంది. మీ పాపకి అంతటిది అక్కర్లేదు, కానీ డెంటిస్ట్ దగ్గర కొలత ఇచ్చి చేయించిన మౌత్‌గార్డ్ కొనండి. వేడినీళ్ళలో ముంచి సరిచేసుకునేవి సరిగ్గా కుదరవు, పిల్లలు మాటిమాటికీ తీసేస్తుంటారు.

మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. తెగితే ఆపరేషన్, ఆ తర్వాత తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. దీన్ని పూర్తిగా ఆపలేం. దూకి దిగే పద్ధతి, తొడ వెనక కండరాల బలం, ఒంటికాలి మీద నిలకడ, వీటిని వారానికి రెండుమూడుసార్లు క్రమం తప్పకుండా చేయిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. వార్మప్‌లో పావుగంట దీనికి కేటాయించే కోచ్ దొరికితే మీ అదృష్టం. పడడం నేర్పించని కోచ్ దగ్గరికి మాత్రం, ఎంత పెద్ద పేరున్నా, పంపకండి. అబ్బాయిలు చాలామంది చిన్నప్పటినుంచి మట్టిలో పొర్లి పడడం అలవాటు చేసుకుంటారు, మన ఆడపిల్లల్ని ఎక్కువగా జాగ్రత్తగా నడవమనే పెంచుతాం. అందుకే టాకిల్ చేయించుకుని నేల మీదికి వచ్చేటప్పుడు వాళ్ళ తల వెనక్కి కొట్టుకుంటుంది. మెడ కండరాల వ్యాయామం, గడ్డం ఛాతీకి దగ్గరగా పెట్టి పడడం, ఇవి నేర్చుకోదగ్గ నైపుణ్యాలు, నేర్పదగ్గవి.

పైస్థాయిలో ఒళ్ళు ఎంత మోయాలో స్కారట్ చివరి అయిదేళ్ళు చెప్తాయి. 2021లో కాలు విరిగింది. 2022 సిక్స్ నేషన్స్‌కి (ఏటా జరిగే ఆరు దేశాల టోర్నీ) తిరిగొచ్చింది. కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడిన ప్రపంచకప్ ఆ అక్టోబరు, నవంబరుల్లో న్యూజిలాండ్‌లో జరిగింది. వరుసగా 30 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఇంగ్లండ్, ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో 42,579 మంది ముందు ఫైనల్లో 34-31తో ఓడింది. మొదటి ఇరవై నిమిషాల్లోపే వింగర్ లిడియా థాంప్సన్‌కి రెడ్ కార్డ్ పడింది, మిగతా మ్యాచ్ అంతా పద్నాలుగు మందితోనే. స్కారట్‌కిది ఫైనల్లో మూడో ఓటమి, మూడూ న్యూజిలాండ్ చేతిలోనే. ఆ తర్వాత 2023లో మెడకి శస్త్రచికిత్స. ముప్పై మూడేళ్ళ వయసులో మెడ ఆపరేషన్ అయిన సెంటర్ మళ్ళీ టాకిల్ చేస్తుందని మా వృత్తిలో ఎక్కువమంది పందెం కాయరు. 2024లో మళ్ళీ ఆడింది. ఇది చూసి స్ఫూర్తి పొందండి అనను. ఆమె వెనక జాతీయ జట్టు వైద్య బృందం మొత్తం ఉంది, మన పిల్లల వెనక ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

చదువు విషయంలో మీ వారికి ఒక పేరు చెప్పండి: క్లెయిర్ మొలాయ్. ఐర్లండ్‌కి ఫ్లాంకర్‌గా (స్క్రమ్ పక్క స్థానం) ఆడింది, కెప్టెన్‌గా కూడా చేసింది. 2014 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌ని 17-14తో ఓడించిన జట్టులో ఆడింది. కార్డిఫ్‌లో ఎమర్జెన్సీ డాక్టర్‌గా పనిచేస్తూనే ఐర్లండ్‌కి ఆడింది. మెడిసిన్‌కీ రగ్బీకీ పొసగదన్న మాట ఇక్కడితో తేలిపోతుంది. అయితే నిజాయితీగా చెప్పాలంటే అది పాత తరం మాట కూడా. ఇప్పుడు పూర్తికాలం సాధన చేసే జట్లతో పోటీ పడుతూ ఆసుపత్రి డ్యూటీలు చేయడం అప్పటికంటే కష్టం. అందుకే చాలామంది అమ్మాయిలు లఫ్‌బరో, హార్ట్‌పరీ లాంటి చోట్ల, క్లబ్‌కీ యూనివర్సిటీకీ సంబంధం ఉన్న దగ్గర డిగ్రీ చదువుతూ ఆడుతున్నారు. మీ పాపకి ఇంకా జీసీఎస్‌ఈలే (పదహారేళ్ళప్పుడు రాసే పరీక్షలు) రాలేదు. డెవలప్‌మెంట్ గ్రూప్ అంటే ఈ వయసులో పెద్ద భారమేమీ కాదు, మామూలు ట్యూషన్‌కి పట్టే సమయమే పడుతుంది. అసలు ఒత్తిడి పదహారు, పద్దెనిమిదేళ్ళ మధ్య ఏ-లెవెల్స్‌తో (మన ఇంటర్ లాంటివి) పాటు వస్తుంది, అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోండి. స్కాట్లండ్‌లో మహిళల రగ్బీకి తొలి పూర్తికాలం ప్రొఫెషనల్ అయిన జేడ్ కాంకెల్ కూడా తర్వాత ఫైర్‌ఫైటర్ ఉద్యోగంలో చేరింది. రెండో దారి తెరిచి ఉంచుకోవడం ఇక్కడ పిరికితనం కింద లెక్క కాదు, అందరూ చేసేదే.

మీరు అడగలేదు గానీ మన ఇళ్ళల్లో మనసులో మెదిలే ప్రశ్న ఇంకోటి ఉంటుంది, పెళ్ళీ పిల్లలూ. 2023లో ఆర్‌ఎఫ్‌యూ ప్రసూతి విధానం తెచ్చింది, కాంట్రాక్టు ఉన్న క్రీడాకారిణికి 26 వారాలు పూర్తి జీతం. దాన్ని మొదట వాడుకున్న ఇంగ్లండ్ ఆటగత్తె ఆబీ వార్డ్. 2023 జులైలో పాపని కని, 17 వారాలకే క్లబ్ మ్యాచ్ ఆడింది, 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. అంత త్వరగా రావాలని ఎవరికీ చెప్పను, రావచ్చని మాత్రం ఇప్పుడు కాగితం మీద ఉంది. ఇంకో చిన్న సంగతి. నెలసరి రోజుల్లో తెల్ల షార్ట్స్ వేసుకోవడానికి ఇబ్బందిపడి ఆట మానేసే అమ్మాయిలు ఎందరో. ఐర్లండ్ అమ్మాయిల జట్టు 2023లో తెల్ల షార్ట్స్ తీసేసి ముదురు నీలానికి మారింది. మీ క్లబ్‌లో తెల్లవి ఉంటే మార్చమని అడగండి, మొహమాటపడొద్దు.

ఇంగ్లండ్ దారి మూసుకుంటే ఏమిటన్నారు. వరల్డ్ రగ్బీ నియమాల ప్రకారం పుట్టిన దేశం, తల్లిదండ్రులు లేదా తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మలు పుట్టిన దేశం, లేదా అయిదేళ్ళ వరుస నివాసం, వీటిలో ఏదో ఒకటి ఉంటే ఆ దేశానికి ఆడే అర్హత వస్తుంది. అంటే రగ్బీ నియమాల వరకు మీ పాప భారత్‌కీ అర్హురాలే. పాస్‌పోర్టు, పౌరసత్వం విషయాలు వేరే, అవి విడిగా కనుక్కోవాలి. భారత మహిళల ఫిఫ్టీన్స్ జట్టు తొలిసారి 2018లో సింగపూర్‌లో బరిలోకి దిగింది. 2019లో మనీలాలో సింగపూర్‌ని 21-19తో ఓడించి మొదటి విజయం సాధించింది. అప్పటి కెప్టెన్ వాబిజ్ భరూచా పుణెకి చెందిన ఫిజియో, మా వృత్తి మనిషే. బీహార్ నుంచి వచ్చిన స్వీటీ కుమారి వేగం చూసి ఆసియా అంతా నోరెళ్ళబెట్టింది. అయితే అక్కడ డబ్బూ అవకాశాలూ ఎక్కువగా సెవెన్స్‌లోనే. మన వైపు విషయానికొస్తే, 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడింది. అది మగవాళ్ళ లీగ్. అమ్మాయిలకి అలాంటిది వచ్చేదాకా అక్కడ రగ్బీ మీద బతకొచ్చని నేను చెప్పను.

స్కారట్ కథలో మిగిలింది చెప్పేస్తాను, ఎందుకంటే కెరీర్ ఎలా ముగుస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. 2025 ప్రపంచకప్ ఇంగ్లండ్‌లోనే. ముప్పై అయిదేళ్ళ వయసులో జట్టులోకి ఎంపికైంది. సండర్లండ్‌లో 42,723 మంది ముందు అమెరికాపై 69-7తో గెలిచిన తొలి మ్యాచ్‌లో బెంచ్ మీదినుంచి వచ్చి ఆడింది. ఐదు ప్రపంచకప్‌లలో ఆడిన తొలి ఇంగ్లండ్ మనిషి, ఆడా మగా కలిపి. లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఫైనల్ నాడు 23 మందిలో ఆమె పేరు లేదు. ఇంగ్లండ్ 33-13తో కెనడాను ఓడించినప్పుడు స్టేడియంలో 81,885 మంది ఉన్నారు. 2010లో ఆమె ఫైనల్ ఓడిన స్టూప్ రోడ్డుకి అవతలి పక్కనే ఉంటుంది, ఆ రోజు వచ్చింది 13 వేల పైచిలుకు. ఈ ఆట ఎంత పెరిగిందో చెప్పడానికి ఆ రెండంకెలు చాలు. ఆ పెరుగుదలకు కారణమైనవాళ్ళలో ఒకరు, తీరా అది చేతికందిన రోజున, మైదానం అంచున నిలబడి ఉన్నారు. అలా నిలబడడానికి ఒప్పుకోవడం, సెంటర్‌గా ఆడే చిన్నవాళ్ళకు తెలిసింది చెప్పడం, శిక్షణలో వాళ్ళకి పోటీ ఇవ్వడం కూడా జట్టులో ఆమె పనే అయింది. అక్టోబరులో రిటైర్మెంట్ ప్రకటించింది. 119 మ్యాచ్‌లు, 754 పాయింట్లు; పాయింట్లలో అది ఇంగ్లండ్ మహిళల రికార్డు. వెంటనే లఫ్‌బరో లైట్నింగ్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరింది. లఫ్‌బరో మీ ఇంటికి అరగంట దూరం. సీజన్లో ఒక హోమ్ మ్యాచ్‌కి పాపని, మీ వారిని, కుదిరితే అమ్మమ్మ వచ్చినప్పుడు ఆమెని కూడా తీసుకెళ్ళండి, టీవీలో కంటే ఎదురుగా చూస్తే భయం కాస్త తగ్గుతుంది. లైట్నింగ్ సొంత మ్యాచ్‌లు నార్తాంప్టన్‌లో కూడా ఆడతారు, బయల్దేరే ముందు వేదిక చూసుకోండి.

ట్రయల్స్‌కి సరే అని కోచ్‌కి చెప్పేటప్పుడు మూడు సంగతులు అడగండి. సెషన్‌లో ఫస్ట్ ఎయిడ్ శిక్షణ పొందినవాళ్ళు ఎవరుంటారు? క్లబ్, బడి, ఈ గ్రూప్ మూడూ కలిపి వారానికి ఎన్ని కాంటాక్ట్ సెషన్లు (టాకిల్స్ ఉండే సాధన) అవుతాయి, ఆ లెక్క ఎవరు చూస్తారు? ఎంపిక కాకపోతే పిల్లకి కారణం ఎవరు, ఎలా చెప్తారు? మూడోదానికి తడుముకోకుండా జవాబిచ్చే కోచ్ అయితే నిశ్చింతగా పంపండి. మొదటిదానికి నసిగితే మాత్రం, ఈ ఏడాదికి క్లబ్‌లోనే ఆడించండి.